కొనసాగించే చేతులు

(ప్లాటినం జూబిలీ సభలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థుల సమక్షంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాల 75 సంవత్సరాలు నిలవడం ఏ ఒక్కరి వల్లనో జరిగే పని కాదు. తొలి హాజరుపట్టీలో పేర్లు రాసిన చేతులు వేరు, నేడు రాస్తున్న చేతులు వేరు. ఒకరు విడిచిన చోటు నుండి మరొకరు అందుకొని, ముందువారి పద్ధతి చెడకుండా, తమ శక్తి కొద్దీ కొంత చేర్చి, తరువాతివారికి అప్పగించడమే సంస్థల చరిత్ర. ఈ గుణాన్ని నేటి పిల్లలకు ఏ ఉదాహరణతో బోధించాలన్నది ఉపాధ్యాయులందరి ముందున్న ప్రశ్న. పాఠ్యపుస్తకాలలోని ఉదాహరణలు ఉండనే ఉన్నాయి. అయితే పిల్లలు తమంతట తామే ఇష్టపడే రంగంలో, పెద్దలు సాధారణంగా చిన్నచూపు చూసే రంగంలో, ఇరవై ఏళ్ళకు పైబడి సాగుతున్న ఉదాహరణ ఒకటి ఉంది. అది కంప్యూటరు ఆటల రంగం.

ఈ మాట వినగానే తల్లిదండ్రుల మనసులో కొంత అసంతృప్తి కలగడం సహజం. పరీక్షల ముందు రాత్రి తెర ముందు కూర్చున్న పిల్లవాణ్ణి లేపడం ఎంత కష్టమో ప్రతి ఇంటికీ తెలుసు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. అయితే తెర ముందు కూర్చున్న వారందరూ ఒకే పని చేయడం లేదు. కొందరు ఆడుతున్నారు, కొందరు కడుతున్నారు. ఈ భేదం తెలిస్తే మందలించవలసిన చోట మందలించవచ్చు, భుజం తట్టవలసిన చోట తట్టవచ్చు.

కంప్యూటరు ఆటలలో పాత్రధారణ ఆటలు ఒక తరగతి. ఆడేవారు ఒక కల్పిత లోకంలో ఒక పాత్రను ధరించి, ఊళ్ళు తిరిగి, ఎదురైన వారితో మాట్లాడి, పనులు ఒప్పుకొని, వాటి ఫలితాలను అనుభవిస్తారు. మాంత్రికులు, శాపాలు, పాడుపడిన కోటలు, దేశాంతర ప్రయాణాలు వీటి సామగ్రి. కాశీమజిలీ కథలు చదివిన తరానికి ఈ లోకం మరీ కొత్తదేమీ కాదు. అమెరికాకు చెందిన బెథెస్డా సంస్థ 1994లో 'ఎల్డర్ స్క్రోల్స్' అనే ఆటల వరుసను ఆరంభించింది. అందులో మూడవ ప్రధాన భాగం 'మారోవిండ్' 2002లో వెలువడింది. ఆ ఆట కంప్యూటరు ప్రతితో పాటు 'కన్‌స్ట్రక్షన్ సెట్' అనే ఒక పనిముట్టును కూడా ఆ సంస్థ కొనుగోలుదారుల చేతికి ఇచ్చింది. భోజనం వడ్డించి ఊరుకోక వంటింటి తాళం కూడా ఇచ్చినట్లయింది. ఆ పనిముట్టుతో కొండను మలచవచ్చు, ఇల్లు కట్టవచ్చు, ఇంటిలో మనుషులను నిలపవచ్చు, వారి నోట మాటలు పెట్టవచ్చు. అభిమానులు ఇలా తయారుచేసే చేర్పులనే మాడ్‌లు అంటారు.

మాడ్ పనిచేసే తీరు గమనించదగినది. భూగోళం పాఠంలో పటం మీద ట్రేసింగ్ కాగితం పరచి, దానిపై నదులను, రైలుమార్గాలను గీయించడం ఉపాధ్యాయులందరికీ అలవాటైన పని. కింది పటం చెడదు. కాగితం తీసివేస్తే పటం పటంగానే ఉంటుంది. మాడ్ కూడా అటువంటిదే. అది మూల ఆటను చెరపదు. దానికి పైన మరొక పొరగా నిలుస్తుంది. ఆట తెరుచుకొన్నప్పుడు కంప్యూటరు రెండింటినీ కలిపి చూపుతుంది. పలువురి కాగితాలను ఒకదానిపై ఒకటి పరిచినప్పుడు, ఇద్దరు ఒకే చోట గీసి ఉంటే పైనున్న గీతే కనిపిస్తుంది. కనుక ఏ కాగితం కింద, ఏది పైన అన్న క్రమం తెలుసుకోవడం ఈ విద్యలో తొలిపాఠం. ఇతరుల గీతను కప్పకుండా తన గీత గీయడం మలిపాఠం.

ఇక ఆ ఉదాహరణ. మారోవిండ్ అన్నది ఆ కల్పిత లోకంలో ఒక పెద్ద రాష్ట్రం పేరు. తొలుత ఆటలో ఆడేవారు తిరగగలిగినది ఆ రాష్ట్రం నడుమనున్న వార్డెన్‌ఫెల్ అనే ద్వీపం మాత్రమే. చుట్టూ ఉన్న విశాల భూభాగం గ్రంథాలలోనూ పాత్రల సంభాషణలలోనూ వినిపిస్తుంది గాని కంటికి కనిపించదు. సముద్రం ఆవల ఏముందో తెలుసుకోవాలన్న కోరిక అభిమానులకు కలిగింది. ఆట విడుదల కాకముందే కొందరు చేరి 'టామ్రియెల్ రీబిల్ట్' అనే ప్రయత్నాన్ని తలపెట్టారు. టామ్రియెల్ అంటే ఆ ఖండమంతా. ఖండాన్నంతటినీ కట్టాలన్నది వారి తొలి సంకల్పం. పనిలోకి దిగిన తరువాత తమ బలం ఎంతో వారికి తెలిసివచ్చింది. ఖండాన్ని విడిచి, మారోవిండ్ రాష్ట్రంలో మిగిలిన భూభాగాన్ని మాత్రమే కట్టాలని హద్దు గీసుకొన్నారు. ఆ హద్దు గీసుకోవడమే వారిని కాపాడింది. తూర్పు తీరంలోని తొలి ప్రాంతం 2006లో వెలువడింది. అక్కడి నుండి కొన్నేళ్ళకొక భాగం చొప్పున సాగి, 2025లో నార్సిస్ అనే మహానగరం, దాని పరిసరాలు వెలువడ్డాయి. పని ఇంకా పూర్తి కాలేదు. తొలినాళ్ళలో చేరిన విద్యార్థులు నడివయసుకు చేరారు. ఆనాడు పుట్టని పిల్లలు నేడు అందులో పనిచేస్తున్నారు. జీతం ఎవరికీ లేదు.

ఇన్నేళ్ళు నిలవడానికి కారణం ఉత్సాహం ఒక్కటే అనుకోవడం పొరపాటు. ఉత్సాహం ఒక వేసవి సెలవులకు సరిపోతుంది. నిలిపినది పని పద్ధతి. కొత్తగా వచ్చినవారు ముందుగా ఒక నమూనా చేసి చూపాలి. అది తరచుగా ఒక గది. ఒక జాలరి గుడిసెనో, ఒక వర్తకుని ఇంటినో అమర్చి పెట్టాలి. అనుభవజ్ఞులు దాన్ని అంగుళం అంగుళం పరీక్షిస్తారు. బల్ల మీది గిన్నె బల్లకు ఆనిందా, గాలిలో తేలుతోందా? గోడకు, నేలకు నడుమ సందు కనిపిస్తోందా? బీద జాలరి ఇంట వెండి పాత్ర ఎలా వచ్చింది? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పుకోగలిగినవారికే అసలు పని దక్కుతుంది. తరువాత భూభాగాన్ని చిన్న చిన్న తునకలుగా విభజించి, ఒక్కొక్క తునకను ఒక్కొక్కరు తమ బాధ్యతగా స్వీకరిస్తారు. ఒకరు నేలను మలుస్తారు, వేరొకరు ఇళ్ళ లోపలి భాగాలు అమరుస్తారు, మరొకరు మనుషులను నిలుపుతారు, ఇంకొకరు కథ రాస్తారు. ప్రతి మెట్టులోనూ పని వేరొకరి పరిశీలనకు వెళుతుంది. మొదట కట్టిన ప్రాంతాలు తరువాతి ప్రమాణాలకు సరితూగనప్పుడు వాటిని మళ్ళీ దిద్దారు. కొండ మలచినవారూ, కొండపై గుడిలో పూజారి చేత మాటలు పలికించినవారూ ఎన్నడూ ముఖాముఖి కలవకపోవచ్చు.

ఈ పనిలో రాతకు ఉన్న స్థానాన్ని భాషోపాధ్యాయులు ప్రత్యేకంగా గమనించాలి. తరువాతి ఆటలలో పాత్రలు గొంతెత్తి మాట్లాడతాయి. మారోవిండ్‌లో సంభాషణ చాలావరకు అక్షర రూపంలోనే ఉంటుంది. ఆడేవారు చదవాలి. కనుకనే నటులు, ధ్వనిముద్రణ యంత్రాలు లేని అభిమానులు కేవలం రాయడం నేర్చి దానికి దీటైన చేర్పులు చేయగలిగారు. మరొక విశేషం ఉంది. ఆ ఆటలో గమ్యాన్ని చూపే బాణపు గుర్తు లేదు. ఎవరో పాత్ర నోటిమాటగా దారి చెబుతుంది: ఊరి తూర్పు వంతెన దాటి, వాగు వెంట ఉత్తరంగా వెళ్ళి, జంట రాళ్ళ వద్ద ఎడమకు తిరగమంటుంది. రాసినవారు ఎడమకు బదులు కుడి అని రాస్తే ఆడేవారు కొండల్లో తప్పిపోతారు. వ్యాసంలో తప్పు దొర్లితే అర మార్కు పోతుంది. ఇక్కడ తప్పు దొర్లితే ఎక్కడో ఒక అపరిచితుని సాయంకాలమంతా వ్యర్థమౌతుంది. స్పష్టంగా రాయడం ఎందుకు అవసరమో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటె చక్కని కారణం దొరకదు.

ఇతరుల లోకంలో, ఇతరుల శైలిలో రాయడం సృజన అనిపించుకొంటుందా అని కొందరు పండితులు ప్రశ్నించవచ్చు. తెలుగువారు ఈ ప్రశ్నకు ఏనాడో సమాధానం చెప్పారు. పదకొండవ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని ప్రోత్సాహంతో నన్నయ ఆరంభించిన మహాభారతం అరణ్యపర్వం నడుమ ఆగింది. పదమూడవ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుండి అందుకొని పదిహేను పర్వాలు తనదైన శైలిలో రచించాడు. నడుమ మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని పదునాలుగవ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. పూరించి, దాన్ని నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చాడు. ఆ రాజు గతించి అప్పటికి రెండు శతాబ్దాలు దాటింది. అతికిన చోటు తెలియకుండా అతకడం ఎఱ్ఱన సాధించిన ఘనత. ఆయనను ఎవరూ అనుకర్త అనలేదు. కవిత్రయంలో ఒకరిగా నిలిపారు. టామ్రియెల్ రీబిల్ట్ పనివారు చేస్తున్నది ఎఱ్ఱన పని. మూలంలోని ద్వీపం నుండి పడవ ఎక్కి అభిమానులు కట్టిన తీరంలో దిగినప్పుడు, నేల మారినట్లు తెలియకూడదన్నదే వారి గీటురాయి. పద్యానికీ ఆటకూ ఉన్న అంతరం అందరికీ తెలిసినదే. ఇక్కడ పోల్చినది విలువలను కాదు, వినయాన్ని.

తిక్కన మార్గం పట్టినవారూ ఉన్నారు. జర్మనీకి చెందిన ష్యూర్ ఏఐ అనే అభిమానుల బృందం మూల ఆట యంత్రాంగాన్ని మాత్రం తీసుకొని, లోకాన్నీ కథనూ పూర్తిగా తామే కల్పించింది. 2006 నాటి 'ఆబ్లివియన్' ఆటపై 2010లో 'నేరిమ్' అనే లోకాన్ని, 2011 నాటి 'స్కైరిమ్' ఆటపై 2016లో 'ఎండెరాల్' అనే లోకాన్ని నిర్మించి ఉచితంగా ఇచ్చింది. ఆస్ట్రేలియాలో ఒక న్యాయవాది స్కైరిమ్‌పై 2015లో 'ఫర్‌గాటెన్ సిటీ' అనే మాడ్ వెలువరించాడు. ఒక్కరు పాపం చేస్తే ఊరంతా నశించే నగరం అందులోని కథావస్తువు. ఆ రచనకు 2016లో ఆస్ట్రేలియా రచయితల సంఘం పురస్కారం లభించింది. 2021లో అదే కథ స్వతంత్రమైన ఆటగా రూపొంది వెలువడింది. ఆ వృత్తి నుండి ఈ వృత్తికి ఆయనను నడిపించినది తీరిక వేళల్లో చేసిన పని.

ఇటువంటి విజయాలను చెప్పి ఊరుకుంటే అది అర్ధసత్యమే అవుతుంది. తలపెట్టిన పెద్ద మాడ్‌లలో మధ్యలో ఆగిపోయినవి ఎన్నో. ఆగిపోయిన వాటి కథలు దాదాపు ఒక్కటే: పటం పెద్దది, మనుషులు కొద్దిమంది, తొలి ఏడాది ఉద్రేకం, మలి ఏడాది ఉద్యోగం, మూడవ ఏడు మౌనం. చదువును పక్కనపెట్టి, నిద్ర మానుకొని ఈ పనిలో మునిగేవారూ ఉంటారు. హద్దు గీసుకోవడం నేర్పని ఉత్సాహం ఏ రంగంలోనైనా ప్రమాదమే. తల్లిదండ్రుల పాత్ర ఇక్కడే అవసరం. పిల్లవాడు ఒక నగరం కడతానంటే ముందు ఒక ఇల్లు పూర్తిచేసి చూపమనాలి. పూర్తయిన గుడిసె, ఆగిపోయిన కోట కంటె మేలు.

యాజమాన్యం సంగతి కూడా పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. మూల ఆట కంపెనీ సొత్తు. మాడ్ ఆడాలంటే మూల ఆటను కొని ఉండాలి. ఒక ఆటలోని బొమ్మలను మరొక ఆటలోకి మోయరాదు. అందుకే పాత ఆబ్లివియన్‌ను కొత్త స్కైరిమ్ యంత్రాంగంలో తిరిగి కట్టాలని పూనుకొన్న 'స్కైబ్లివియన్' బృందం ఎత్తుకు రావడానికి వీలులేక ప్రతి కత్తినీ, ప్రతి కుర్చీనీ మళ్ళీ తామే చెక్కవలసి వచ్చింది. డబ్బు ప్రస్తావన ఒకసారి వచ్చింది. 2015 ఏప్రిల్ 23న వాల్వ్ సంస్థ, బెథెస్డా కలిసి స్కైరిమ్ మాడ్‌లను అమ్మకానికి పెట్టే ఏర్పాటు చేశాయి. అమ్మకపు ధరలో మాడ్ చేసినవారికి నాలుగవ వంతు దక్కుతుందన్నారు. అభిమానుల నుండి తీవ్రమైన నిరసన వచ్చింది. ఒకరి మాడ్‌లో మరొకరి పని కలిసి ఉంటుంది; అందరూ ఉచితంగా పంచుకొన్న దానిలో ధర ఎవరిది అన్న ప్రశ్నకు సమాధానం దొరకలేదు. నాలుగు రోజులకే, ఏప్రిల్ 27న, ఆ ఏర్పాటును ఉపసంహరించి కొన్నవారికి సొమ్ము తిరిగి ఇచ్చారు. శ్రమకు ప్రతిఫలం కోరడం తప్పు కాదు. అయితే పదిమంది ఇచ్చిపుచ్చుకొని పెంచిన దానిని ఒకరు అమ్మబోతే ఏమౌతుందో ఆ నాలుగు రోజులు చూపాయి.

చివరగా, తెలుగు మాధ్యమ పాఠశాల వేదికపై తప్పక చెప్పవలసిన మాట ఒకటి ఉంది. నేరిమ్‌ను కట్టిన జర్మన్ బృందం పాత్రల చేత తమ మాతృభాషలోనే మాట్లాడించింది. ప్రపంచానికి తెలియాలంటే ముందు ఆంగ్లంలోనే చేయాలని వారు అనుకోలేదు. పని బాగుంది గనుక ఆంగ్ల పాఠకులే కింద వచ్చే అనువాద పంక్తులు చదువుకొంటూ ఆ లోకంలో తిరిగారు. ఎండెరాల్ సైతం ముందు జర్మన్‌లో, కొన్ని వారాల తరువాత ఆంగ్లంలో వెలువడింది. 1998లో వెలువడిన 'బాల్డర్స్ గేట్' ఆటకు మాడ్‌లు చేసేవారు మాటలన్నిటినీ ప్రోగ్రాము నుండి విడదీసి, వరుస సంఖ్యలతో ఒక పట్టికగా ఉంచే పద్ధతిని ఏర్పరచుకొన్నారు. ఏ దేశపు అభిమాని అయినా ఆ పట్టికను తన భాషలోకి మార్చి ఇస్తే చాలు, ఆట ఆ భాషలో మాట్లాడుతుంది. అలా ఎన్నో భాషలవారు తమ భాషకు చోటు కల్పించుకొన్నారు.

తెలుగుకు ఒక చిక్కు ఉన్నది నిజం. మారోవిండ్ వంటి పాత ఆటలలో ఒక్కొక్క అక్షరానికి ఒక్క బైటు మాత్రమే కేటాయించారు. అంటే అక్షరాలకు 256 గళ్ళు. పశ్చిమ ఐరోపా, మధ్య ఐరోపా, రష్యా లిపులు ఆ గళ్ళలో ఇమిడాయి. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు గల తెలుగు వాటిలో సహజంగా ఇమడదు. అయితే అది పాత యంత్రాల పరిమితి, భాష లోపం కాదు. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991 తొలి కూర్పు నాటి నుండే స్థానం ఉంది. తెలుగును కొత్త యంత్రాలు చక్కగా చూపుతున్నాయి. ఇంట తెలుగు, బజారులో ఒడియానో, కన్నడమో, తమిళమో, మరాఠీయో, తరగతి గదిలో మళ్ళీ తెలుగు, పై చదువులో ఆంగ్లం: ఇన్ని భాషల నడుమ పెరిగే పిల్లలు అనువాదాన్ని ఉగ్గుపాలతో నేర్చినవారు. పట్టికను మార్చే పనికి వారికంటె తగినవారెవరు?

ఉపాధ్యాయులకు ఒక చిన్న సూచన. ఖరీదైన యంత్రాలు లేకున్నా ఈ విద్యకు పునాది వేయవచ్చు. పాఠశాల ద్వారం నుండి ఆవరణలోని ఏదో ఒక చెట్టు వరకు దారిని పది వాక్యాలలో తెలుగులో రాయించండి. ఆ రాతను వేరొక విద్యార్థి చేతికిచ్చి, నోటిమాట సాయం లేకుండా నడిపించండి. చెట్టు చేరితే రాత సఫలం. చేరకపోతే ఏ వాక్యం దారి తప్పించిందో ఇద్దరూ కలిసి దిద్దుకొంటారు. మరుసటి వారం ఇంకొకరు ఆ దారిని పొడిగిస్తారు. ఏడాది చివరికి తరగతి అంతా కలిసి కట్టిన ఒక చిన్న లోకం నోటుపుస్తకంలో సిద్ధమౌతుంది. కంప్యూటరు వచ్చిన నాడు అది తెర మీదికి ఎక్కుతుంది.

తల్లిదండ్రులకు ఒక చిన్న మనవి. తెర ముందు కూర్చున్న బిడ్డను మందలించే ముందు ఒక్కసారి పక్కన కూర్చోండి. ఆడుతున్నావా, కడుతున్నావా అని అడగండి. ఆడుతుంటే వేళ గుర్తుచేయండి. కడుతుంటే ఏం కడుతున్నావో చూపమనండి. ఎవరు మొదలుపెట్టిన దానిని కొనసాగిస్తున్నావని, నీ తరువాత ఎవరికి అప్పగిస్తావని కూడా అడగండి. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన బిడ్డ ఎక్కడ ఉన్నా ఏదో ఒక సంస్థను నిలబెట్టగలుగుతాడు, నిలబెట్టగలుగుతుంది.

పూర్వ విద్యార్థులు ఇప్పటికే ఆ జవాబు తెలిసినవారు. ఈ సభకు రావడమే అందుకు సాక్ష్యం. ఈ విద్యాలయం శతజయంతి చేసుకొనే నాటికి ఇక్కడి పిల్లల చేతుల మీదుగా, తెలుగు మాటలతో, ఎక్కడో ఒక కల్పిత లోకంలో ఒక చిన్న ఊరైనా వెలసి ఉండాలని, ఆ ఊరికి దారి చెప్పే వాక్యంలో తప్పు లేకుండా ఉండాలని ఆశిద్దాం.